తప్పు చెప్పమని అడిగిన పెద్దాయన

1979 జూన్ నాలుగవ తేదీ ఉదయం, సైన్యంలో పద్నాలుగేళ్ళ సేవ ముగించుకొని, యుద్ధంలో దిగిన ఇనుప ముక్కను ఎడమ భుజంలో ఇంకా మోస్తూనే, మా పెద్దాయన ఈ మోటార్ల మరమ్మతు షెడ్డును ప్రారంభించారు. నలభై ఆరేళ్ళ అనంతరం ఈ నెలాఖరున విశ్రాంతి తీసుకుంటున్నారు. మా షెడ్డు పత్రిక ఈ సంచికలో ఆయన గురించి రాయడానికి షెడ్డులో అందరూ ఎగబడ్డారు!

సైన్యంలో వారిది వంతెనలు నిర్మించే దళం. ఒకనాడు ఒక దూలం బీటవారడం గమనించి కూడా, తొందరలో ఉన్న అధికారికి ఎదురు చెప్పలేక మిన్నకున్నారు. ఆ వంతెన మీద ముందు నడిచిన ప్రాణస్నేహితుడు తిరిగి రాలేదు. అందుకే కొత్తగా చేరిన ప్రతివారికీ మొదటిరోజే చెప్పేవారు: "ఆ రోజు నేను నోరు మూసుకున్నాను. మీరు మూసుకోకండి. నాది తప్పైతే మొహం మీదే చెప్పండి."

చెప్పడం వరకూ బాగానే ఉంది. కానీ ఆయన దగ్గితేనే ఉలిక్కిపడేవాళ్ళకు నోరెలా పెగులుతుంది? ఏళ్ళు గడిచాయి, ఎవరూ చెప్పలేదు. ఆ వెలితి వారిని లోలోపల తొలిచేది.

ఈలోగా ఊరికి ఆయన చేసినది తక్కువేమీ కాదు. బడుల మోటార్లన్నీ ఉచితంగా బాగుచేశారు. నలుగురూ నవ్వుతారన్నా లెక్కచేయక, నలభైమంది స్త్రీలకు మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ పని నేర్పి వారి కాళ్ళమీద వారిని నిలబెట్టారు. ఆ నలభైమందిలో ఒకరు నేటి మా పెద్ద మేస్త్రీ, అందరూ అక్క అని పిలిచే ఆమె.

పన్నెండేళ్ళ క్రితం ఎండాకాలంలో ఆసుపత్రి పంపు కాలిపోయింది. రెండు రోజులు శ్రమించి మోటారు చుట్టి బిగించేసరికి, ట్యాంకులో గంటకు సరిపడా నీళ్ళే మిగిలాయి. పెద్దాయన స్వయంగా తీగలు కలిపి స్విచ్చి వేశారు. మోటారు మోగింది, నీళ్ళు మాత్రం రాలేదు.

"బావిలో వాల్వు పోయింది. పైపులు పైకి లాగండి!" అని గర్జించారు. అది పూటంతా పట్టే పని. అయినా అందరూ కిక్కురుమనకుండా పైపుల మీద పడ్డారు.

"బాబాయ్, ఆగండి," అంది అక్క, పైపు వదిలేసి. "మోటారు ఫ్యాను వెనక్కి తిరుగుతోంది, అందుకే నీళ్ళెక్కడం లేదు. మీరే రెండు తీగలు తారుమారు చేశారు."

పైపుల మీది చేతులన్నీ ఆగిపోయాయి. పెద్దాయన వంగి చూశారు, తీగలు మార్చారు. నీళ్ళు ఎగజిమ్మి అందరినీ తడిపేశాయి. ఆయన మాత్రం నీళ్ళవైపు చూడనేలేదు. "చెప్పింది! అమ్మాయి చెప్పిందిరా!" అంటూ చిన్నపిల్లాడిలా గంతులేసి, బురదలోనే నిటారుగా నిలబడి ఆమెకు సెల్యూట్ చేశారు. ఆ సంతోషం చూసి మా కళ్ళు చెమర్చాయి.

గత నెల ఆయన అక్కను పక్కకు పిలిచి అడిగారు: "అమ్మాయ్, నేనింకా పని చేయగలనా? దాచకు."

అక్క కళ్ళొత్తుకుంది. "చాలు బాబాయ్. మీ చేతులు వణుకుతున్నాయి. నిన్న మీరు చుట్టిన కాయిల్ విప్పి నేను మళ్ళీ చుట్టాను."

ఆయన ఆమె తలమీద చెయ్యివేసి, "ఇప్పుడు నిశ్చింతగా ఇంటికెళ్తాను. షెడ్డు నువ్వే చూసుకో," అన్నారు.

వారి శ్రీమతి, మా పిన్నిగారి సాంగత్యంలో, మనుమల అల్లరి నడుమ, ఆయన ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళూ దాటాలని మనసారా కోరుకుంటున్నాం. అందుకు ఒక్కరోజు తగ్గినా ఊరుకునేది లేదు పెద్దాయనా, ఇప్పుడు మాకందరికీ నోరొచ్చింది!