నాలుగు లైన్లు తక్కువ

అలా చూడకయ్యా, తప్పంతా నాదే అన్నట్టు. సగం నీది. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది కదా అని నిన్ను వదిలేస్తాననుకున్నావా?

ప్రతి గురువారం ఇదే గొడవ కదూ. ఇంగ్లీషు జాతీయాల అర్థాలూ, అవి పుట్టిన కథలూ వారం వారం పత్రికకి రాసేవాణ్ణి నేను. అచ్చక్షరాలు పేర్చే కంపోజిటర్‌వి నువ్వు. సిరా చేతుల్తో ప్రూఫు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చేవాడివి. "మాస్టారూ, నాలుగు లైన్లు తక్కువ పడ్డాయి. ఏదో ఒకటి రాసివ్వండి." ఏదో ఒకటి అన్నావా లేదా? తల ఊపలేకపోతే కళ్ళార్పు.

అదీ.

నీకేమో బస్సు తొందర. అది తప్పితే మళ్ళీ గంటన్నర దాకా లేదు. ఆ కండక్టరు గుర్తున్నాడా, చిల్లర అడిగితే జాతకం చెప్పేవాడు... ఎక్కడున్నాను? ఆఁ, చిక్కుడు గింజలు.

'స్పిల్ ద బీన్స్'. గింజలు ఒలకబోయడం. అంటే దాచాల్సిన మాట బయటపెట్టెయ్యడం. అర్థం రాశాను, బాగానే ఉంది. ఎలా పుట్టిందో నాకేం తెలుసు? ఉన్న రెండు నిఘంటువులూ తిరగేశాను. ఒకటి ఊరుకుంది, ఇంకోటి తెలియదంది. 'తెలియదు' అన్న ఒక్క మాటతో నాలుగు లైన్లు ఎలా నిండుతాయయ్యా?

అందుకని ఒక ఓడరేవు పెట్టాను. ఒక వంటావిడని పెట్టాను. ఓడ కెప్టెన్ రహస్యపు ఉత్తరాన్ని ఆవిడ గింజల బస్తాలో దాచిందన్నాను. బస్తా చిరిగింది, గింజలు ఒలికాయి, ఉత్తరం బయటపడింది. ఇంకా ఒక లైను తక్కువే అన్నావు. సరేనని ఆవిడకి ఎడమకాలు కుంటి అని రాశాను. సరిగ్గా సరిపోయింది. నువ్వు బస్సెక్కావు.

ఆ కుంటికాలే ఇవాళ నా పీకల మీదికి తెచ్చింది.

వ్యాసాలు పుస్తకమయ్యాయి. పుస్తకం బడుల్లోకి వెళ్ళింది. మూడో ముద్రణలో ఆవిడ బొమ్మ కూడా వేశారు, చేతికర్రతో సహా. నాకే సిగ్గేసి, దీనికి ఆధారం లేదు, తీసెయ్యండని ప్రచురణకర్తకి ఉత్తరం రాశాను. జవాబేమిటో తెలుసా? అయ్యా, ఇది ప్రామాణిక గ్రంథాల్లో ఉన్నదే అంటూ మూడు పుస్తకాల పేర్లు పంపాడు. మూడూ నా పుస్తకం చూసి రాసినవే.

నవ్వుతున్నావా? నీ మూతి ఓ పక్కకి పోయాక నవ్వో ఏడుపో తెలిసి చావదు.

మా మనవరాలి బళ్ళో కొత్తగా ఒక ఇంగ్లీషు టీచరమ్మ చేరింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ వంటావిడ కథ ఎవరో కల్పించింది, ఈ జాతీయం ఎలా పుట్టిందో కచ్చితంగా ఎవరికీ తెలియదు, కొట్టెయ్యండి అందిట క్లాసులో. మా పిల్ల లేచి నిలబడింది. "మా తాతయ్య అబద్ధం రాయడు" అందిట.

హెడ్మాస్టరు నా వ్యాసాలు కత్తిరించి అంటించుకుని పెరిగినవాడు. పెద్దాయన్ని అంతమాట అంటావా అని టీచరమ్మకి మెమో ఇచ్చాడు. క్షమాపణ రాసివ్వాలి, లేకపోతే ఇంటికి వెళ్ళాలి. ఆధారం చూపిస్తే రాస్తానంది ఆవిడ. ఆ ఆధారమేదో రాసి పంపమని నాకు కబురు.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయే మా ఇంటికొచ్చింది. "మిమ్మల్ని అనలేదండీ. మీ పుస్తకం చదివే నేను ఇంగ్లీషులో పడ్డాను. అందుకే ఆ కథ కోసం వెతికాను, ఎక్కడా దొరకలేదు. మీకెక్కడ దొరికిందండీ?"

నాలుగు లైన్లు తక్కువ పడ్డాయమ్మా అందామనే నోరు తెరిచాను. నీ మీద ఒట్టు. తలుపు పట్టుకుని మనవరాలు నిలబడి ఉంది. దాని మొహం చూశాను.

"పాత పుస్తకమమ్మా, వెతకాలి" అన్నాను.

టీచరమ్మ మంచినీళ్ళు తాగి, దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఇవాళ పొద్దున్నే ఉత్తరం రాశాను. నీకు చదివి వినిపించి, నువ్వు కళ్ళార్పితే చింపేద్దామని తెచ్చాననుకుంటున్నావేమో. లేదయ్యా. పిల్ల సంచిలో పెట్టి బడికి పంపాకే ఇక్కడికి బయల్దేరాను. ఈపాటికి అందే ఉంటుంది.

ఏం రాశానా? ఆ కథ నేను కాలేజీ లైబ్రరీలో చదివిందేనని ఒక్క వాక్యం. కింద సంతకం. చూస్తే కాగితమంతా బోసిగా ఉంది. ఎవరు నమ్ముతారు? అందుకని ఆ పుస్తకానికి ఒక పేరు పెట్టాను. నల్ల అట్ట అన్నాను. వరదలో లైబ్రరీతో పాటే పోయిందన్నాను.

మొత్తం నాలుగు లైన్లు. సరిగ్గా సరిపోయాయి.

ఈసారి నువ్వు అడగను కూడా లేదు.