పగడాలకి కారు, మనిషికి లారీ

ఆరు బకెట్లండీ బావగారూ! ఆరు! వెనక సీట్లో మూడు, కాళ్ల దగ్గర రెండు, ముందు సీట్లో నా ఒళ్లో ఒకటి. ఇంక మీ చెల్లెల్ని ఎక్కడ కూర్చోబెట్టమంటారు, డిక్కీలోనా?

నవ్వకండి. కోపంగానే చూడండి, అదే నాకు సుఖం.

అవును, వసుంధరని సామాన్ల లారీలోనే పంపాను. డ్రైవరు పక్కన, ఒళ్లో గ్రైండరు గిన్నె పెట్టుకుని, మే నెల ఎండలో, బందరు నుంచి గుడివాడ దాకా. మనిషికి లారీ, పగడాలకి ఏసీ కారు! ఈ భుజంగరావు బుర్రకి ఆ రోజు అది న్యాయంగానే తోచింది.

అసలు పగడమంటే మీరనుకునే ఉంగరంలో రాయి కాదండీ. నేను ఇంట్లో గాజు తొట్టిలో సముద్రపు నీళ్లు పోసి పెంచేవి మెత్తటివి, ప్రాణమున్నవి. ఒకటి పుట్టగొడుగులా ఉంటుంది, నెత్తి మీదంతా నూగు. ఇంకోదానికి బుల్లి బుల్లి చేతులు. పొద్దస్తమానం గుప్పిళ్లు మూసి తెరుస్తూ ఉంటుంది. నీళ్లు కాస్త వేడెక్కినా, ఉప్పు కాస్త తేడా చేసినా ముడుచుకుపోతాయి. ఒకటి కుళ్లిందంటే తొట్టి మొత్తం పాడు. మరి బదిలీ ఆర్డరు రాగానే నా గుండె జారదా? ఆ గుడివాడ కాలేజీకి నేను తప్ప ఇంకో కామర్సు లెక్చరరే దొరకలేదా?

అవి అతుక్కున్న రాళ్లతో సహా ఎత్తాం. తొట్టిలో నీళ్లే బకెట్లలో పోసి, బ్యాటరీ మీద నడిచే గాలిపంపులు పెట్టి, పసిపిల్లల్ని పట్టుకున్నట్టు...

గుడ్లవల్లేరు దగ్గర సంగతి చెప్పిందా మీకు? చెప్పలేదూ! అయ్యో, నేనే బయటపెట్టుకున్నాను. సరే, వినండి.

లారీ టైరు పంచరై రోడ్డు పక్కన ఆగి ఉంది. మీ చెల్లెలు ఎండలో నిలబడింది, తల మీద కొంగేసుకుని. మా కారు చూసి రెండడుగులు ముందుకొచ్చింది. డ్రైవరు బ్రేకు మీద కాలేశాడు. నేనేమన్నానో తెలుసా? "ఆపకు బాబూ, తలుపు తీస్తే వేడిగాలి కొడుతుంది" అన్నాను. అని, అద్దంలోంచి చెయ్యి ఊపాను. చెయ్యి ఊపానండీ! పెళ్లి బస్సులోంచి ఊపినట్టు!

రెండు గంటల తర్వాత వచ్చింది. కుచ్చిళ్లు దోపుకుని నాతోపాటు రాళ్లు సర్దింది. పుట్టగొడుగుదాన్ని నేను సరాసరి లైటు కింద పెట్టబోతుంటే, "కొత్త చోటు కదండీ, ముందు అడుగున పెట్టండి. వారం పోయాక పైకి జరుపుదాం" అంది. అలాగే పెట్టాను. బతికాయి. అన్నీ బతికాయి!

అంచేత, లారీ గురించి పుట్టింటికి వచ్చెయ్యలేదండీ ఆవిడ. మీరలా అనుకుంటున్నారు. మీరలాగే అనుకోవాలని నేనూ ఇంతసేపూ ఆ లారీనే తోలుతున్నాను.

పేపరువాళ్లు వచ్చారు బావగారూ. జిల్లా పేజీలో వేశారు, 'ఇంట్లో సముద్రం' అని. తొట్టి పక్కన నేను, టక్ చేసుకుని, నడుం మీద చెయ్యేసుకుని. "ఆరేళ్లుగా ఒంటిచేత్తో సాకుతున్నాను" అని నేనే చెప్పాను. "మేడమ్ గారు సాయం చేస్తారా సార్?" అని ఆ విలేఖరి అడిగాడు కూడా. "ఆవిడకి ఇవంటే చిరాకు" అన్నాను. అప్పుడావిడ అతనికి కాఫీ తెస్తోంది.

పేపరు చదివింది. మడిచి టీవీ మీద పెట్టింది. మర్నాడు మీ అవనిగడ్డ బస్సెక్కింది. అంతే.

నాలుగో రోజుకి పగడాలు ముడుచుకున్నాయి. తొట్టిలో నీళ్లు తగ్గుతున్నాయి కదా అని నేను డ్రమ్ములోంచి సముద్రపు నీళ్లు పోస్తున్నాను. ఎంత పోస్తే అంత ముడుచుకుంటున్నాయి! ఇంతలో నాంచారయ్య వచ్చాడు, బందరు పక్క గిలకలదిండి పడవాయన, మాకు సముద్రపు నీళ్లు తెచ్చేది ఆయనే. కేన్లు దించి, తొట్టిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఇదేంటి మాస్టారూ, ఉప్పుమడిలా ఉంది! ఆవిరయ్యేది నీళ్లు, ఉప్పు కాదు కదండీ. అమ్మగారు రోజూ పొద్దున్నే రెండు చెంబులు మంచినీళ్లు పోసేవారు. మీరు చూళ్లేదా?" అన్నాడు.

చూశానండీ. రోజూ చూశాను. పేపరు చదువుకుంటూ చూశాను. ఆవిడ అంచు వెంట నెమ్మదిగా పోస్తుంటే, తడవకుండా కాళ్లు పక్కకి తీసుకున్నాను కూడా. ఏ నీళ్లు, ఎందుకు అని ఒక్కనాడు అడిగితే ఒట్టు. విలేఖరి అడిగినప్పుడు ఆ చెంబు నా కళ్ల ముందు మెదిలింది బావగారూ. మెదిలినా సరే, చిరాకు అనే అన్నాను. ఫొటోలో ఇద్దరుంటే నేను సగమే కదా కనిపిస్తాను!

ఇంకోటి కూడా చెప్పేస్తాను. మీ గుమ్మంలో అడుగుపెడుతూనే "పగడాలు పోయేలా ఉన్నాయి, వసుంధరని పంపించండి" అన్నాను చూడండి, అది అబద్ధం. మంచినీళ్లు పోయడం మొదలుపెట్టాక వారానికల్లా విచ్చుకున్నాయి. శుభ్రంగా ఉన్నాయి. వాటికి ఇప్పుడు ఆవిడతో పనిలేదు. నాకే ఉంది.

ఏమిటీ, తొట్టి తీసేస్తానని మాటివ్వమంటారా? ఇవ్వలేనండీ. ఇప్పటిదాకా ఆడిన అబద్ధాలు చాలు. పైగా, తీసేస్తే నాకంటే ముందు ఏడ్చేది ఆవిడే.

పగడాలు ఆవిడవి, నేను కేన్లు మోసేవాణ్ణి అని చెప్పండి చాలు. రానంటుందా... రాననే అంటుంది లెండి. నేనైనా అంతే అంటాను.