పులి పక్కన మీసాలాయన

కొత్త వదిన పెట్టెలోంచి తీసిన పాత సర్కస్ పోస్టర్ పరిచినకొద్దీ చుట్టుకుపోతోంది. ఆమె ఇస్త్రీపెట్టె అందుకోవడం చూసి, ఎప్పుడూ పెదవి విప్పని ఆడపడుచు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

“వదినా, వద్దు! వేడికి రంగు లేచిపోతుంది.”

“అమ్మయ్యో, నీకు మాటలొచ్చా! మరేం చెయ్యను? మా నాన్న బొమ్మ ఇదొక్కటే మిగిలింది. పులి పక్కన మీసాలాయనే.”

“తెల్లకాగితం మీద బోర్లా పరిచి, పైన పుస్తకాలు బరువు పెడదాం. వారంలో సాపవుతుంది.”

“బరువుకి నేను కూర్చోనా?”

“పోస్టర్ బతకాలి కదా వదినా.”

“ఓసి నీ దుంపతెగ! సరే, తర్వాత మళ్లీ చుట్టి పెట్టెలో పెట్టేస్తాలే.”

“చుట్టకూడదు. అద్దం కట్టించి ముందుగదిలో పెడదాం.”

“అత్తయ్య ఏమంటారో?”

“అమ్మతో నేను మాట్లాడతాను.”

“నువ్వా?”

“వారం టైముంది కదా వదినా. ఈలోగా ధైర్యం తెచ్చుకుంటాను.”