ఓబులేషు మామ ఎక్కిన అల

కె.ఆర్.పురం స్టేషన్ ముందు, పుష్పావతమ్మ టీ అంగట్లో కూర్చుని సహన పుస్తకం తెరిచింది. కాలేజీ బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. రెండుసార్లు తప్పిన ఫిజిక్స్ పేపరు, ఈ మధ్యాహ్నం మూడోసారి. ఇదీ పోతే ఏడాది పోయినట్టే. రెండుసార్లూ ముంచింది ఒకే రకం లెక్క. అలలోని విద్యుత్ ఫీల్డ్‌కి సమీకరణం ఇచ్చి, ఆ అల ఎటు పోతోంది, పొడవెంత, అయస్కాంత ఫీల్డ్ ఎటుంది అని అడుగుతారు. పొడవు ఎప్పుడూ సరిగ్గానే వచ్చేది. దిక్కు దగ్గరే మార్కులు పోయేవి.

సాగనంపడానికి వచ్చిన ఓబులేషు మామ పుస్తకంలోకి తొంగిచూశాడు. ఆమె ప్రాణం ఉసూరుమంది. ఒకప్పుడు బళేపేటలో టీవీ యాంటెన్నాలు కట్టిన మనిషి, నోరు తెరిస్తే మూసే రకం కాదు.

“దీనికి లెక్కలెందుకు పాపా? వేలు తడిపి గాల్లో పెడితే చాలు, అల ఎట్లుండాదో నేను చెప్పేస్తా.”

మొదట్లో కోత చిన్నదే. బళేపేటలో మూడంతస్తుల మిద్దె మీద యాంటెన్నా కడుతుంటే, చేతి మీది వెంట్రుకలు టవర్ ఉన్న తూర్పుకే ఊగాయట. దాంతో ఫీల్డ్ ఊగే దిక్కూ అల వచ్చే దిక్కూ ఒకటేనని పట్టేశాడట. కింద బట్టలంగడి నుంచి మీటరు కడ్డీ తెప్పించి కొలిస్తే అల పొడవు సరిగ్గా ఒకటిన్నర మీటరట. పక్క బెంచీ మీది ఆటో మునిస్వామి “అవునా అప్పా” అన్నాడు. ఈయన ఆ మాట అనకుండా ఉంటే ఏం పోయిందని సహన పళ్ళు కొరుక్కుంది.

“ఆ తర్వాత ఏమైందో తెల్సా?” అంటూ మామ కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. సెకనుకి ఇరవై కోట్ల అలలు పోతుంటే రెప్ప వెయ్యకుండా లెక్కపెట్టాడట, ఒక్కటీ తప్పిపోలేదట. అయస్కాంత ఫీల్డ్ కోసం మేకుల డబ్బా తెరిస్తే మేకులన్నీ లేచి వరసగా నిలబడ్డాయట. చదువుకోనీ మామా అని సహన రెండుసార్లు బతిమాలింది. నీ కోసమే కదా అని ఆయన గొంతు ఇంకా పెంచాడు. చివరికి ఒక అల వీపు మీద ఎక్కి కూర్చున్నాడట. సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు గదా, భూమిని ఏడు చుట్లు చుట్టి అదే మిద్దె మీద దిగేసరికి, వదిలిపోయిన టీ ఇంకా పొగలు కక్కుతోందట.

ఇంక ఎనిమిది నిమిషాలే ఉంది. సహనకి ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

గ్లాసులు కడుగుతున్న పుష్పావతమ్మ తలెత్తింది. “సుమ్నిరప్పా ఓబులేషప్పా, ఊరకుండు. ఆ మిద్దె మా అమ్మగారిది. యాంటెన్నా కడ్డీల కొనలు టవర్ వైపు పెట్టి పోతివి. మూడు నెల్లు టీవీలో బొమ్మే రాలేదు. మా అన్న ఎక్కి కడ్డీలు అడ్డంగా తిప్పినాకనే వచ్చింది.”

మునిస్వామి విరగబడి నవ్వాడు. సహనకి నవ్వు రాలేదు. కడ్డీ ఉండాల్సింది ఫీల్డ్ ఊగే దిక్కున. అది టవర్‌కి అడ్డంగా ఉంటేనే బొమ్మ వచ్చిందంటే, ఫీల్డ్ ఊగేది ఒక దిక్కు, అల పోయేది దానికి అడ్డంగా ఇంకో దిక్కు. మామ మిద్దె మీద చేసిన తప్పే తను రెండు పరీక్షల్లోనూ చేసి వచ్చింది. గబగబా లెక్క మళ్ళీ వేసింది. అయస్కాంత ఫీల్డ్ ఆ రెండిటికీ అడ్డంగా మూడో దిక్కున పడింది. పుస్తకం చివరి జవాబుతో సరిపోయింది. ఇంత సులువైనదానికా ఇన్నాళ్ళు ఏడ్చానని తన మీద తనకే ఒళ్ళు మండింది.

బస్సు వచ్చింది. ఆమె మెట్టెక్కుతుంటే వెనక మామ గొంతు మళ్ళీ లేచింది. “చూస్తివా మునిస్వామీ? పాపకి అర్థం కావాలనే ఆ పొద్దు తప్పుగా కట్టి పెట్టినా.”

“అప్పటికి ఆ పాప పుట్టనే లేదు గదప్పా,” అన్నాడు మునిస్వామి.