ఉతికిన అంగీ

అరవై తొమ్మిది ఎండాకాలం. తెలంగాణ ఉద్యమంతో బడి మూతపడింది. చేవెళ్ల చర్చి వరండాలో టీచరమ్మ పిల్లల చేత వాళ్లు సొంతంగా అల్లుకున్న నాటకం సాధన చేయిస్తోంది. ఒక పిల్ల తల్లి వచ్చి మెట్ల దగ్గర నిలబడింది.

"టీచరమ్మా, మా రూతు వాళ్లన్న అంగీ ఈడికి తెచ్చిందా?"

"తెచ్చిందమ్మా. నాటకంల అన్న వేషం దానిదే. మాటలు గూడ అదే కట్టుకున్నది."

"ఏం నాటకం?"

"జులూసుకు పోయిన అన్న ఇంటికొచ్చే నాటకం. పిల్లలే అనుకున్నరు. నేను వద్దనలేకపోయిన."

"అంగీ ఇయ్యున్రి."

"ఇగో. మాసి ఉన్నదని సబ్బు పెట్టి ఉతికిన. ఇస్త్రీ గూడ చేసిన."

"ఉతికిన్రా."

"ఏమైందమ్మా?"

"మా పిలగాడు పట్నం పోయిన పొద్దు ఈ అంగీ ఇంట్ల విడిచిపోయిండు. తూటా తగిలినంక ఒంటి మీది బట్టలు ఆడనే పోయినయి. వాని చెమట వాసన దీంట్లనే ఉండె. రోజూ పెట్టె తీసి మొకానికి పెట్టుకుంటుంటి."

"నాకు తెల్వదమ్మా. రూతు చెప్పలే."

"దానికేం ఎరుక. నాటకంల వాడు ఇల్లు చేరుతడా?"

"చేరుతడమ్మా. 'అవ్వా, ఆకలైతున్నది' అంటడు."

"అయితే అంగీ మీ కాడనే ఉండనియ్యున్రి. నా పెట్టెల ఇంక దీనితోని పనిలేదు."