ఎండ పడని పక్క

మా ఆవిడ వరాలు లేదూ, ఇన్నేళ్ళ కాపురంలో నోరు తెరిచి నన్నడిగింది ఒక్కటేనండి. ఏమైందంటే, నేను డోలు వాయిస్తాను, దాని తమ్ముడు తాతారావు సన్నాయి. హైదరాబాదులో ఎవరో పెద్దోళ్ళు పెళ్ళికి మా మేళమే కావాలని విమానం టిక్కెట్లు పంపారు. ఆయ్, విమానమేనండి, నవ్వకండి! ఆ విమానం రోజూ మజ్జానం మా ఊరి కాలవ మీదుగానే పడమరకి ఎల్తాది. అప్పుడు వరాలు అందీ, "ఏమయ్యా, నువ్వు మేళానికి ఎల్లినప్పుడల్లా నేను గుమ్మంలో నిలబడతాను. ఏనాడన్నా ఎనక్కి తిరిగి చూసేవా? ఈసారి మేడెక్కి చీర ఊపుతాను, పైనుంచన్నా నాకేసి ఒక్కసారి చూడు" అని. గుండె కలుక్కుమందండి నాకు. అయినా మగోణ్ణి గదా, "ఓసోస్, దానికేం భాగ్యం, కిటికీ పక్కనే కూకుంటాను" అన్నాను.

సీట్ల సంగతి నాకు చెప్పాలా! ఏ బస్సులో ఏ పక్క కూకుంటే ఎండ పడదో ఊరంతా నన్నే అడుగుతారు. కిటికీలోంచి తువ్వాలేసి సీటు ఆపడంలో నా తరవాతే ఎవడైనా. విమానం కాడ కౌంటర్లో పిల్ల, "ఏ పక్క కిటికీ కావాలి అంకుల్?" అంది. మజ్జానం పూట, పడమటి దారి, అంటే ఎండ ఎడం పక్క. ఇంక ఆలోచించానా? "ఎండ పడని పక్కమ్మా, కుడి పక్క" అన్నాను గొప్పగా. ఎక్కి చల్లగా కూకున్నాను. అవతల ఎడం పక్క కిటికీకాడ తాతారావు మాడిపోతా మొహానికి తువ్వాలు కప్పుకుంటంటే ఎంత ఆనందమో నాకు! అప్పుడు ఎలిగింది బుర్రలో. కాలవకి మా ఇల్లు ఏ పక్క? ఎడం పక్క! నా తెలివి తెల్లారిపోనూ!

"ఒరేయ్ లేరా, మీ అక్క ఆ పక్కనుందిరా, నీకు పుణ్యముంటాది" అని కాళ్ళావేళ్ళా పడితే లేచాడు. మజ్జెలో కూకున్నాయన కాళ్ళు తొక్కేసి ఆ కిటికీకాడ పడ్డాను. విమానం లేచింది. ఎండ కళ్ళల్లో పొడుస్తన్నా రెప్ప ఆర్పలేదనుకోండి. అదిగో కాలవ, అదిగో మా వీధి, అదిగో మా మేడ! ఆరబోసిన మిరపకాయలు కూడా ఎర్రగా కనపడ్డాయి. మనిషి లేదండి. ఈలోగా అటుపక్కనుంచి తాతారావు కేక, "బావా, బావా, ఎవత్తో పిచ్చిది కాలవ అవతలి గట్టు మీద చీర ఊపుకుంటా పరిగెడతంది చూడు!" అని. "నోరుముయ్యరా, నేనిక్కడ మీ అక్కని ఎతుక్కుంటంటే!" అని కసిరేను. మేడ ఎనక్కి ఎల్లిపోయింది.

ఆ పెళ్ళిలో డోలు వాయించానో, దాన్ని పట్టుకు బాదేనో నాకే తెలీదు. ఇంటికొచ్చి చెప్పులన్నా ఇప్పకుండా ఎగిరేను, "ఎక్కుతానన్నదానివి మేడెందుకు ఎక్కలేదే? ఎండలో కూకుని కళ్ళు పోయేలాగ చూసేను" అని. వరాలు చేటలో బియ్యం ఏరతంది. చెయ్యి ఆగిపోయింది. "నువ్వు ఎండలో కూకున్నావా?" అంది. ఏమైందంటే, మేడ ఎక్కిందంట. ఎక్కినాక ఆలోచించిందంట, 'ఈ మనిషి పుట్టి బుద్ధెరిగి ఎండ పక్క కూకున్నది లేదు, ఇయ్యాల కూకుంటాడా' అని. అంతే, మేడ దిగి, వంతెన దాటి, చెప్పుల్లేకుండా అవతలి గట్టు మీదకి పరిగెత్తిందంట. విమానం కనపడకుండా పోయేదాకా ఊపిందంట. "ఏంటీ, నాకోసం ఎండలో కూకున్నావా?" అని మళ్ళీ అడిగి, చేట పక్కనెట్టి, నవ్వుతా కళ్ళొత్తుకుంది. నాకూ ఏడుపొచ్చిందండి, దాపరికమెందుకు.

అదండీ సంగతి. అంతా అయ్యి మా ఆవిణ్ణి చూసిందెవడయ్యా అంటే తాతారావు, అదీ పిచ్చిదనుకుని! ఇప్పుడు సీట్ల గురించి ఎవరన్నా అడిగితే ఎల్లి వరాల్ని అడగండంటన్నాను. నేనైతే మేళానికి ఎల్లేప్పుడు వీధి మలుపు దాకా ఎనక్కి చూసుకుంటానే నడుస్తన్నాను. మొన్న అలాగే ఎల్లి గేదెని గుద్దేను. గుమ్మంలో నిలబడి అది ఒకటే నవ్వు.