రెండోసారి తూచని కంపైలర్

కెనడాలో, మిస్సిసాగాలో మా ప్లాజా టీ షాపులో వీర్రాజన్న కూర్చున్నాడంటే ఇంక లేవడు. రోహిత్ లాప్‌టాప్ తెరిచి ఆయన ముందు పెట్టాడు. కాలేజీ ప్రాజెక్టు రేపు పొద్దున్నే ఇవ్వాలి, లేకపోతే సెమిస్టర్ పోయినట్టే. ప్రోగ్రాంలో లెక్క తప్పొస్తోంది.

“ఇదా! దీని తాతని పట్టాను రా నేను, మార్కమ్‌లో ఉన్నప్పుడు. ఉండు, టీ తాగనీ. గోడౌన్లో డబ్బాలు తూచే ప్రోగ్రాం అది. ఖాళీ డబ్బా తూచాలి, సరుకు నింపాలి, మళ్ళీ తూచాలి, అంతే కదా? మేం రాసింది కరెక్టే. కానీ మనం రాసిందాన్ని మిషన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఉంటుంది చూడు, దాని పనే ఇదంతా. స్పీడు పెంచుదామని, ‘తూచు’ అని రెండుసార్లుంది, రెండూ ఒకలాగే ఉన్నాయి, రెండోది దేనికిలే అని పీకేసింది. ఇంకేముంది, నిండిన డబ్బాకీ ఖాళీ బరువే!”

“ఎలా కనిపెట్టావన్నా?” అన్నాడు రోహిత్.

“వాసన రా! అందరూ కోడ్ చదువుతుంటే నేను స్క్రీన్ దగ్గర ముక్కు పెట్టా. ‘ఆ స్పీడు సెట్టింగ్ ఆపండి’ అన్నా. ఆపారు, బరువు సరిగ్గా వచ్చేసింది. మేనేజర్ నన్ను వాటేసుకుని ఒకటే ఏడుపు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంపైలర్‌కి నామీద కోపమొచ్చి ఆఫీసులోంచి బయటికొచ్చేసింది! ఇక్కడ టౌన్‌హౌసులన్నీ ఒకలాగే ఉంటాయి కదా? ఒకటుంచి మిగతావి పీకేసింది. వీధి వీధంతా ఒకే ఇంట్లో, ఒకే బాత్రూం ముందు క్యూ!”

“మేం అద్దెకుండే బేస్‌మెంట్లో ఇప్పుడూ అంతేగా,” అంది రోహిత్ క్లాస్‌మేట్ ధాత్రి.

“నువ్వాగమ్మా. జనవరి, ఫిబ్రవరి రెండూ ఒకే చలని ఫిబ్రవరిని తీసేసింది. ఫోర్ ఓ వన్ హైవే మీద లేన్లన్నీ కలిపి ఒక్కటి చేసేసింది. మన స్టూడెంట్లు ఫ్లైట్ నిండా వచ్చారా, అందరిదీ అదే నల్ల జాకెట్, అదే పచ్చళ్ళ పెట్టె... ఎక్కింది అంతమంది, దిగింది ఒక్కడు! ఇంక లాభంలేదని నేనే హైవేకి అడ్డంగా నిలబడి ‘ఆగవే!’ అన్నా. నాలాంటోడు ఇంకోడు లేడు కదా, నన్నేం పీకుతుంది? తోక ముడిచింది.”

“అన్నా, ఒకలాగే ఉంటే రెండోది తీసేస్తుందన్నావు కదా?” అంది ధాత్రి.

“మరి?”

“పోయిన శనివారం కూడా ఇదే కథ చెప్పి, లాప్‌టాప్ చూడకుండా వెళ్ళిపోయావు. ఈ రెండోసారి కథనెలా పీకకుండా వదిలేసిందన్నా?”

షాపంతా గొల్లున నవ్వింది. రోహిత్ మాత్రం నవ్వలేదు. లాప్‌టాప్ ఇంకాస్త ముందుకి జరిపాడు.

వీర్రాజన్న దానివంక చూశాడు.

“ఛార్జింగ్ అయిపోయేలా ఉంది రా.”

“ప్లగ్గులోనే ఉందన్నా.”